దుప్పటి దులిపిన ఆదివారాలు

డిట్రాయిట్ చుట్టుపక్కల ఊళ్ళకు కొత్తగా వచ్చిన తెలుగువాళ్ళకి పాతకాపులు ముందుగా చెప్పే జాగ్రత్త మంచు గురించి కాదు, దొంగల గురించీ కాదు. డౌన్‌టౌన్ వైపు వెళ్ళేటప్పుడు ఫ్రీవే చివర కుడి లేన్‌లో ఉండొద్దని చెబుతారు. ఉంటే కారు తిన్నగా బ్రిడ్జి ఎక్కేస్తుంది. బ్రిడ్జి అవతల కెనడా. ఎక్కాక వెనక్కి తిప్పుకునే దారి లేదు. ఇక్కడ పుట్టినవాళ్ళకి అదొక నవ్వులాట. పొరపాటున పరాయి దేశం వెళ్ళొచ్చామని ఆఫీసుల్లో కథలుగా చెప్పుకుంటారు. పాస్‌పోర్టులో వీసా స్టాంపు ఎక్స్‌పైర్ అయిపోయి, ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌లో ఉన్న మాబోటి వాళ్ళకి మాత్రం ఆ బోర్డు చూస్తేనే భయం. పోతానంటే ఎవరూ ఆపరు. తిరిగి రానిస్తారా అన్నదే ప్రశ్న.

మాది తెనాలి, మా ఆయనది వరంగల్. కార్ల కంపెనీకి సాఫ్ట్‌వేర్ రాస్తాడు. ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా అపార్ట్‌మెంట్ నుంచి నేను కారు తాళాలు తీసుకుని బయల్దేరినప్పుడల్లా ఆయనది ఒకటే పాట. "జీపీఎస్ చెప్పిందని ఆ లేన్ దిక్కు పోకు. ఆడికి పోయినవంటే ఇగ నేను ఈడ, నువ్వు ఆడ." ఆయనది హెచ్‌వన్, ఉద్యోగం వీసా. ఆ వీసాకి తోకలాంటిది నా హెచ్‌ఫోర్. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పినదాన్ని ఇక్కడ పప్పులు డబ్బాల్లో పోసుకుంటూ కూర్చున్నాను. ఉద్యోగం చేయడానికి లేదు. దేశం దాటి వెళ్ళొచ్చా అని లాయర్ని అడిగితే "రిస్క్ ఎందుకు" అంటాడు. అడిగిన ప్రతి దానికీ అదే జవాబు.

ఆ బ్రిడ్జి దాటి మూడు గంటలు వెళ్తే మా చెల్లెలు ఉంటుంది. కెనడాలో ఎమ్మెస్ చదవడానికి వచ్చి, ఉద్యోగం చేసి, పెళ్ళి చేసుకుని, ఒక కూతుర్ని కన్నది. ఆ పిల్లని నేను ఫోన్‌లో తప్ప చూడలేదు. చెల్లెలికి అమెరికా వీసా అపాయింట్‌మెంట్ దొరకదు. నేను వెళ్తే తిరిగి వస్తానన్న నమ్మకం లేదు. ఇక్కడ వాన పడితే సాయంత్రానికి అదే మబ్బు వాళ్ళ ఊరు చేరుతుంది. దానికి స్టాంపింగ్ అక్కర్లేదు కాబట్టి హాయిగా వెళ్ళిపోతుంది. నాకు మబ్బు మీద కూడా కోపం వచ్చేది.

ఈ కోపాల మధ్య పక్కింటావిడ పరిచయమైంది. ఎనభై దాటిన తెల్లావిడ, ఒంటరిది. స్కూలు బస్సు నడిపి రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. ఊపిరితిత్తులు పాడై ఇంట్లో ఆక్సిజన్ మెషిన్ పెట్టుకుంది. ముక్కుకి తగిలించుకున్న సన్నటి గొట్టం ఎంత దూరం వస్తే అంత దూరమే ఆవిడ నడక. వంటింటి దాకా వస్తుంది, గుమ్మం దాకా వస్తుంది, పోస్టు డబ్బా దాకా రాదు. ఒకరోజు నేను పులుసుకి తాలింపు పెడుతుంటే గోడ కొట్టింది. వాసనకి ఫిర్యాదు చేస్తుందనుకుని ముఖం మాడ్చుకుని వెళ్ళాను. అదేంటో చూపించమని అడిగింది. గిన్నె తీసుకెళ్ళాను, అలా మొదలైంది.

ఆవిడ పేరు పెట్టి పిలవమంది. అంత పెద్దావిడని పేరు పెట్టి పిలవడానికి నా నోరు రాలేదు. ఆంటీ అన్నాను. నేను ఎవరికి ఆంటీనని ఆవిడ మొదట తెల్లబోయింది కానీ, వారం తిరిగేసరికి ఫోన్‌లో "నేను ఆంటీని" అని తనే చెప్పుకోవడం మొదలుపెట్టింది. ఆవిడ మాట్లాడేది ఇంగ్లీషే. అది నాకు గుర్తున్నది తెలుగులో, అలాగే రాస్తున్నాను.

ఒకరోజు టీ తాగుతూ అడిగింది. "మీవాళ్ళు పోతే ఎక్కడ పూడుస్తారు?"

"మేం కాల్చేస్తాం ఆంటీ. ఆ గొడవ ఉండదు."

"అదృష్టవంతులు," అంది. నిజంగానే అంది. అప్పుడు చెప్పింది తన బాధ. ఆవిడ అమ్మా నాన్నా ఒకే శ్మశానంలో ఉన్నారు. నాన్న గేటు దగ్గర, అమ్మ వెనక కంచె దగ్గర. నాన్న పక్కన జాగా ఖాళీగా ఉండగానే అమ్మ పట్టుబట్టి ఆ చివర కొనుక్కుంది. డాక్టరు ఈ చలికాలం సంగతి చెప్పలేనన్నాడు. శ్మశానం వాళ్ళు ఏదో ఒకటి తేల్చుకోమంటున్నారు. "నాన్న పక్కన పడుకుంటే అమ్మని అబద్ధాలకోరుని చేసినట్టు. అమ్మ పక్కన పడుకుంటే నాన్న తప్పు చేశాడని నేనూ సంతకం పెట్టినట్టు. ఏది నిజమో తెలియకుండా ఎవరి పక్కన పడుకోను?"

ఆ సంగతి ఏమిటంటే, వాళ్ళ నాన్న డిట్రాయిట్‌లో కార్ల ఫ్యాక్టరీలో జీవితమంతా పనిచేశాడు. మిషిగన్‌లోనే పైన అడవుల వైపు ఎక్కడో పుట్టానని చెప్పేవాడు. మితభాషి. తాగడు, పేకాడడు. వేసవిలో ప్రతి ఆదివారం పెళ్ళాంబిడ్డల్ని ఏటి ఒడ్డున పార్కుకి తీసుకెళ్ళేవాడు. ఇక్కడ ఏరే సరిహద్దు, అవతలి ఒడ్డు కెనడా, విండ్సర్ అనే ఊరు. గడ్డి మీద పరిచే తెల్ల దుప్పటి ఆయనే దులిపేవాడు, ఆయనే పరిచేవాడు. తర్వాత రెయిలింగ్ పట్టుకుని అవతలికి చూస్తూ నిలబడేవాడు. ఆ ఊరికి వెళ్దామని ఎవరు పిలిచినా వెళ్ళేవాడు కాదు. ఒక ఆదివారం వాళ్ళమ్మ ఆయన చూపు వెంట చూసింది. అవతల తెల్లటిదేదో పట్టుకుని ఒకరు నిలబడి ఉన్నారు, గౌనుని బట్టి ఆడమనిషి. వారం వారం అక్కడే ఉంది. ఆ సంగతి కూతురికి చెప్పింది. "అవతల ఒకతె ఉంది." మొగుణ్ణి మాత్రం అడగలేదు. బతికున్నన్నాళ్ళూ అడగలేదు.

ఆయన పోయేముందు హాస్పిటల్లో నోరు విప్పాడు. తను పుట్టింది ఇంగ్లండులోనట. దిక్కులేని పిల్లల్ని, పోషించలేని వాళ్ళ పిల్లల్ని అనాథాశ్రమాల వాళ్ళు ఓడలెక్కించి కెనడా పొలాల్లో పనికి పంపేవారట. పదేళ్ళప్పుడు తననీ అలా పంపారు. ఒంటారియోలో ఒక రైతు ఇంట్లో పెరిగాడు. ఆ పల్లె పేరు కూడా చెప్పాడు. వాళ్ళమ్మ మంచం పక్కనే ఉండి, "ఇంత కాలం ఎందుకు దాచావు?" అని అడిగింది. ఆయన ముఖం అటు తిప్పుకున్నాడు. పుట్టుక దాచినవాడు ఇంకోటి దాచడా అని ఆమె అప్పటికప్పుడే తేల్చేసుకుంది.

అంతా విని నేను కూడా లోపల తీర్పు చెప్పేశాను. మనకి దానికో పేరే ఉంది, చిన్నిల్లు. ఏరు అడ్డం పెట్టుకుని నడిపిన చిన్నిల్లు. ఆంటీ ముఖం చూసి పైకి అనలేదు.

ఎండ బాగా కాసిన ఒక శుక్రవారం ఆవిడ ఆ పార్కు చూడాలంది. చక్రాల మీద లాక్కెళ్ళే చిన్న ఆక్సిజన్ సిలిండర్ ఉంది, దాన్ని కార్‌లో కాళ్ళ దగ్గర పెట్టాను. బస్సు నడిపిన మనిషి కదా, దారిపొడుగునా నా డ్రైవింగుకి వంకలు పెడుతూనే ఉంది. ఒక లారీ దాటమంది. దాటాను. దాటి చూసుకునేసరికి కుడి లేన్‌లో ఉన్నాను, ఎదురుగా కెనడాకి బ్రిడ్జి అన్న బోర్డు ఉంది. ఎడమ పక్కన కార్లు వరసకట్టి ఉన్నాయి. ఎవరూ దారి ఇవ్వలేదు. ఆ తర్వాత నేనేం చేశానో నాకు సరిగ్గా తెలియదు. గీతల మీదుగా, హారన్ల మధ్య నుంచి కారు అడ్డంగా కోసేసి, రోడ్డు అంచున షోల్డర్ మీద ఆపాను.

"పిచ్చి పట్టిందా? చచ్చేవాళ్ళం," అంది ఆంటీ. "పొరపాటున ఎక్కితే ఎక్కావు. అటు చుట్టి వచ్చేవాళ్ళంగా."

"మీరు వచ్చేవారు. నన్ను రానివ్వరు," అన్నాను. స్టీరింగ్ మీద నా చేతులు ఆగడం లేదు. ఏడుపు కూడా వచ్చింది. స్టాంపు, పెండింగ్, చెల్లెలు, అన్నీ గబగబా కక్కేశాను. పక్కింట్లో ఇన్నాళ్ళు ఉండి, నేను ఈ దేశంలో ఇలా బతుకుతున్నానని ఆవిడకి తెలియదు. నవ్వుతూ పులుసు ఇస్తాను కదా, హాయిగా ఉన్నాననుకుంది.

ఆవిడ నా చేతుల కేసే చూసింది. "మా నాన్న ఇక్కడే కారు దిగిపోయాడు," అంది.

చిన్నప్పుడు వాళ్ళ మేనమామ కొత్త కారు కొని అందర్నీ ఎక్కించుకుని, ఎక్కడికో చెప్పకుండా తిన్నగా ఈ బ్రిడ్జి దాకా తెచ్చాడట. విండ్సర్‌లో భోజనం పెట్టించి సర్‌ప్రైజ్ చేద్దామని. కార్ల వరసలోకి రాగానే వాళ్ళ నాన్న ఒక్కమాట మాట్లాడకుండా తలుపు తీసుకుని దిగి, ఎదురొచ్చే కార్ల మధ్య నుంచి వెనక్కి నడిచి వెళ్ళిపోయాడు. ఇంటికి చేరేసరికి చీకటి పడింది. పెళ్ళాంతో కలిసి ఆ అవతలిదానికి కనపడతానని భయపడ్డాడని వాళ్ళమ్మ అంది. "అమ్మ వైపు నిలబడ్డాను నేను. కానీ దిగేముందు ఆయన చేతులు ఇలాగే ఉన్నాయి. వెనక సీట్లోంచి చూశాను."

నేను ఆవిడ వైపు తిరిగాను. "ఆంటీ, మీ నాన్న ఓటు వేసేవారా?"

"లేదు. రాజకీయాలంటే అసహ్యం అనేవాడు."

"పాస్‌పోర్టు?"

"ఎక్కడికీ వెళ్ళేవాడు కాదు, ఎందుకుంటుంది?"

"ఇక్కడ పుట్టానని చెప్పారు, పుట్టలేదు. కెనడా నుంచి ఎలా వచ్చారో చెప్పలేదు. ఆయనకి కాగితాల్లేవు ఆంటీ. పడవ మీద వచ్చారో, ఏరు గడ్డకట్టినప్పుడు నడిచే వచ్చారో. అటు వెళ్తే తిరిగి రానివ్వరని దిగిపోయారు."

ఆవిడకి అది తట్టనే లేదు. ఇన్నేళ్ళలో వాళ్ళ చుట్టాల్లో ఒక్కరికీ తట్టలేదు. మా అపార్ట్‌మెంట్‌లో మనవాళ్ళ తలుపు ఏది కొట్టి అడిగినా చెప్పేవాళ్ళు. ఆ తర్వాత చట్టాలు మారే ఉంటాయి, సరిచేసుకునే దారి కూడా దొరికే ఉంటుంది. కానీ దాక్కున్న మనిషి వెళ్ళి ఎవర్ని అడుగుతాడు? పెళ్ళాంతో చెబితే పుట్టింటికి చేరుతుంది, పుట్టింటి నుంచి ఫ్యాక్టరీకి చేరుతుంది. అందుకని నోరు కుట్టేసుకున్నాడు. అంతవరకూ చిన్నిల్లు అని తీర్పు చెప్పినదాన్ని, ఆ షోల్డర్ మీద కూర్చుని ఆయన తరఫు వకీలునైపోయాను.

ఆంటీ మాత్రం బస్సు డ్రైవరు, అంత తేలిగ్గా మలుపు తిరగదు. "కాగితాల్లేకపోవడం సరే. మరి అవతలి ఆడది? మా అమ్మకి కళ్ళు బాగానే కనపడేవి." ఆ రోజు పార్కు చూడకుండానే ఇంటికి వచ్చాం.

చెల్లెలికి ఫోన్ చేశాను. ఆ పల్లె వాళ్ళ ఇంటికి గంట దూరంలోనే ఉంది.

"నీకేం పన్లేదా అక్కా?" అంది.

"లేదే. చెయ్యనివ్వరుగా."

దాంతో ఒప్పుకుంది. ఆ పిల్లల ఓడల లిస్టులు ఇంటర్నెట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. ఆయన పేరూ వయసూ ఆ సాయంత్రమే కనపడ్డాయి. ఆయన చెప్పింది అబద్ధం కాదని తేలింది తప్ప దానివల్ల ఒరిగిందేమీ లేదు. శనివారం చెల్లెలు పాపని వెనక సీట్లో కట్టేసుకుని ఆ పల్లెకి వెళ్ళింది. పొలం ఇంకా ఆ రైతు కుటుంబం చేతిలోనే ఉంది. మనవడు ఇప్పుడు ముసలాయన. మెట్ల మీద కుర్చీ వేసి కూర్చోబెట్టాడట. చెల్లెలు వీడియో కాల్ పెట్టి ఫోన్ ఆయన వైపు తిప్పింది. నేను మా సోఫాలోంచి ఆ పొలం, ఆ కొట్టం, ఆయన బూట్లు చూస్తున్నాను.

వంటింటి వెనక కట్టెలు పెట్టుకునే గది మీద ఆ పిల్లాణ్ణి పడుకోబెట్టేవారని ఆయన చెప్పాడు. అది గొప్పగా ఏమీ చెప్పలేదు, కాస్త సిగ్గుగానే చెప్పాడు. తర్వాత అన్నాడు, "నిజానికి వచ్చింది ఇద్దరు. అన్నా చెల్లెలు. మా నానమ్మకి పనికి మగపిల్లాడే కావాలి. పిల్లని బండి దింపలేదు. ఊరవతల ఇంకో ఇంటికి తీసుకెళ్ళిపోయారు. వాడు మలుపు దాకా బండి వెనక పరిగెత్తాడని మా నాన్న చెప్పేవాడు."

మా చెల్లెలు కెమెరాలో కనపడటం లేదు కానీ దాని ఊపిరి నాకు వినిపించింది. "అక్కా, విన్నావా?" అంది మెల్లగా.

విన్నాను. నాకు వెంటనే మనసులో మెదిలిన మాట మేనత్త. ఆంటీకి ఒక మేనత్త ఉంది. ఆ మాటకి ఇంగ్లీషులో వేరే పేరు కూడా లేదు, వాళ్ళకి అందరూ ఆంటీలే. ఆ పిల్ల పెద్దయ్యాక విండ్సర్‌లో కిరాణాకొట్టు వాణ్ణి పెళ్ళి చేసుకుందని ముసలాయన చెప్పాడు. ఆమె మనవరాలు అక్కడే ఉంది, వాళ్ళ చర్చివాళ్ళ ద్వారా ఫోన్ నంబరు ఇప్పించాడు.

మనవరాలితో చెల్లెలే మాట్లాడింది. ఆమె ఒప్పుకోలేదు. మా అమ్మమ్మ ఒంటారియోలోనే పుట్టింది, అన్నలూ తమ్ముళ్ళూ ఎవరూ లేరు, మీరెవరో పొరపడుతున్నారు అంది. నాకు మండింది. మా చెల్లెలికి మండలేదు, దానికి మనుషులతో మాట్లాడటం వచ్చు. అమ్మమ్మల కబుర్లలోకి దింపింది. ఆమె నవ్వుతూ చెప్పిందట. "మా అమ్మమ్మ ఆదివారం సూది పట్టనిచ్చేది కాదు, చీపురు పట్టనిచ్చేది కాదు. భోజనాలయ్యాక తను మాత్రం ఉతికిన దుప్పటి ఒకటి చంకన పెట్టుకుని ఏటి ఒడ్డుకి వెళ్ళి దులుపుకుని వచ్చేది. ఏటి గాలికి ఆరితే వాసన బాగుంటుందట. మా ఇంట్లో అదొక జోకు."

చెల్లెలు కూడా నాకు జోకులాగే చెప్పింది. నేనూ గోడ అవతలికి వెళ్ళి జోకులాగే ఆంటీకి చెప్పాను. ఆంటీ టీ కప్పు కింద పెట్టింది.

"మా నాన్న దులిపేవాడు," అంది.

"మీరు చెప్పారు. పరిచేముందు."

"రెయిలింగ్ దగ్గర నిలబడి దులిపేవాడు. మేం పరిచేది అక్కడ కాదు, గడ్డి మీద. అంత దుమ్ము ఏముందని అమ్మ విసుక్కునేది." గొట్టం సర్దుకుంది. "ఆమె ఎప్పుడు మానేసిందో అడుగు."

అడిగించాను. మనవరాలికి అది బాగా గుర్తుంది. తన పళ్ళకి క్లిప్పులు వేయించిన ఏడాది. ఆ వేసవి అంతా అమ్మమ్మ ప్రతి ఆదివారం వెళ్ళేది, వచ్చి ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఆకులు రాలేటప్పుడు ఒకరోజు ఆ దుప్పటి చింపి ఇల్లు తుడుచుకునే గుడ్డలు చేసేసింది. మనవరాలి వయసు పట్టుకుని ఆంటీ లెక్క కట్టింది. వాళ్ళ నాన్న పోయిన సంవత్సరం.

ఆవిడ ఏడవలేదు. నేనే ముక్కు చీదుకుంటూ కూర్చున్నాను. ఆమె ఎందుకు ఏరు దాటి రాలేదో కూడా మనవరాలే, తనకి తెలియకుండా చెప్పింది. ఊరంతా సరుకులకి డిట్రాయిట్ వెళ్ళొచ్చినా అమ్మమ్మ ఒక్కసారీ వెళ్ళలేదట. సరిహద్దులో అందర్నీ ఎక్కడ పుట్టారని అడుగుతారు. ఆశ్రమం నుంచి వచ్చిన పిల్లలంటే అక్కడి జనానికి చులకన, దొంగజాతి అనేవారట. అది దాచి పెళ్ళి చేసుకున్న మనిషి మొగుడి పక్కన కూర్చుని ఆ ప్రశ్నకి ఏం జవాబు చెబుతుంది? ఇటు ఒకడు కాగితాల్లేక, అటు ఒకతె పుట్టుక చెప్పుకోలేక. మొదటి ఆదివారం ఎలా కుదుర్చుకున్నారో ఎవరికీ తెలియదు.

అయినా ఆంటీకి ఒక అనుమానం మిగిలింది. "అంత దూరం నుంచి దుప్పటి కనపడుతుందా? మనకి కావాల్సిన కథ మనం అల్లుకుంటున్నామేమో. చూస్తే గానీ నమ్మను."

అలా ఆ తర్వాతి ఆదివారం మధ్యాహ్నం చెల్లెలు మూడు గంటలు డ్రైవ్ చేసి విండ్సర్ ఒడ్డుకి వచ్చింది. ఆ మనవరాలు కూడా వచ్చింది, ఇంకా సగం నమ్మకంతోనే. నేను దారిపొడుగునా ఎడమ లేన్ వదలకుండా ఆంటీని పార్కుకి తీసుకెళ్ళాను. బీరువాలోంచి మా పెళ్ళినాటి తెల్ల దుప్పటి తెచ్చాను. ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాను.

"ఎక్కడున్నావే?"

"జెండా ఉంది చూడు, దాని పక్కన. నువ్వు?"

"రెయిలింగ్ దగ్గర. ఆగు, ఓడ అడ్డం వస్తోంది."

ఖనిజం మోసే పొడవాటి ఓడ ఒకటి మా ఇద్దరి మధ్య నుంచి తీరిగ్గా వెళ్ళింది. ఎంతకీ అవ్వదు. ఆ ఓడని పట్టుకుని పక్కకి లాగేయాలనిపించింది. దాని తోక దాటగానే అవతలి ఒడ్డు మళ్ళీ కనపడింది. చెట్లు, బెంచీలు, మనుషులు అనుకోదగ్గ గీతలు. ఆ గీతల మధ్య తెల్లటిదొకటి లేచింది, పడింది, మళ్ళీ లేచింది.

"కనిపించావే," అన్నాను. నేనూ దులిపాను. "కనిపిస్తున్నావక్కా, కనిపిస్తున్నావు," అని అది ఫోన్‌లో అంటూనే ఉంది. తర్వాత పాపని ఎత్తి పట్టుకున్నానంది. ఎంత చూసినా పాప నాకు కనపడలేదు. దుప్పటి కనపడుతుంది, పిల్ల కనపడదు. "పెద్దమ్మ ఎక్కడ?" అని ఆ పిల్ల తన యాసలో అడగడం మాత్రం వినిపించింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఈదగలిగిన వాడు ఈదుకుంటూ వెళ్ళే దూరం. అటూ ఇటూ మేం ఎవరికీ ఏమీ చేయలేదు. రెయిలింగ్ మీద వాలిపోయి, చుట్టూ జనం చూస్తున్నా సిగ్గు లేకుండా గట్టిగా ఏడ్చాను.

ఆంటీ సిలిండర్ లాక్కుంటూ వచ్చి దుప్పటి రెండో కొస పట్టుకుంది. ఆవిడకి ఊపే ఓపిక లేదు, పట్టుకుంది అంతే. ఫోన్‌లో మనవరాలి గొంతు వినిపించింది. "మా అమ్మమ్మ నిలబడేది ఇక్కడే. నేను వచ్చే వారం వస్తాను, ఫొటోలు తెస్తాను." వాళ్ళిద్దరికీ అడ్డేమీ లేదు. ఆమె దగ్గర కెనడా పాస్‌పోర్టు ఉంది, బ్రిడ్జి ఎక్కి గంటలో వచ్చేయగలదు. సంతోషించాను. కుళ్ళుకున్నాను కూడా.

తిరిగి వచ్చేటప్పుడు బ్రిడ్జి బోర్డు కనపడగానే నాకన్నా ముందు ఆవిడే "ఎడమకి రా" అంది. ఇంటికొచ్చాం. లోపలికి తీసుకెళ్ళి, చిన్న సిలిండర్ గొట్టం తీసి ఇంటి మెషిన్ గొట్టం తగిలిస్తుంటే, "శ్మశానం వాళ్ళకి రేపు ఫోన్ చేయాలి, గుర్తుచెయ్యి," అంది.

"గేటు దగ్గరేగా?" అన్నాను. ఆయన మచ్చలేనివాడని తేలింది. ఆ పక్క జాగా ఇన్నేళ్ళుగా ఖాళీగానే ఉంది.

"కాదు. అమ్మ పక్కన."

నాకు కోపం వచ్చింది. ఇంత చేసింది ఎందుకు మరి? ఆ ఆడది వాళ్ళమ్మకి సొంత ఆడపడుచు అని తేలాక కూడా ఆయన్ని ఒంటరిగా వదిలేస్తారా అని అడిగేశాను.

ఆవిడ గొట్టం చెవుల వెనక్కి సర్దుకుని కుర్చీలో వెనక్కి వాలింది. "నాన్నకి అంతా తెలుసు," అంది. "తెలియకుండా పోయింది అమ్మ. ఎవరో ఒకరు వెళ్ళి ఆమెకి చెప్పాలి కదా."